పొట్ట కొయ్యని సొర

పెళ్ళయి అంతర్వేది వచ్చేనాటికి నాకు సముద్రపు చేపల గురించి ఏమీ తెలియదు. మా పుట్టిల్లు ఉప్పలగుప్తం దగ్గర. మా నాన్నగారు రొయ్యల చెరువుల మీద పని చేసేవారు. వలతో లాగడం, ఐసులో వెయ్యడం, లారీ ఎక్కించడం, అంతవరకే మేం చూసిన వ్యాపారం. సొరచేపని మొదటిసారి మా అత్తగారి కత్తిపీట ముందు చూశాను. చూడ్డానికి నున్నగా ఉంది కదా అని తోక వైపు నుంచి తల వైపుకి చెయ్యి రాశాను. అరచెయ్యి గీరుకుపోయింది. మా అత్తగారు నవ్వారు.

"ఎదురు రాయకూడదే పిల్లా, అది గరుకు కాగితం లాంటిది. తల నించి తోకకి రాయి. అప్పుడేం చెయ్యదు."

ఆవిడ నలభై ఏళ్ళుగా రాజోలు వీధుల్లో చేపలు అమ్ముతున్నారు. ముందు నెత్తిన తట్ట పెట్టుకుని, తర్వాత ఆటోలో బేసిన్ పెట్టుకుని. బాలింత ఉన్న ఇల్లు ఎక్కడైనా ఉంటే ఆ సంగతి ఆ వీధి వాళ్ళకన్నా ముందు ఈవిడకే తెలిసేది. ఎందుకంటే పాలసొర అనే చిన్న రకం సొర కావాలని కబురు ముందు ఈవిడకే వచ్చేది. పాలసొర పిట్టు, అంటే పొడిపొడిగా వేయించిన కూర, తింటే తల్లికి పాలు పడతాయని మా వైపు నమ్మకం. మొదటి నెల దాటకుండా ఒక్కసారైనా పెట్టాలంటారు.

మావయ్యగారు బతికున్న రోజుల్లో సొర పడితే పడవలోనే, అది ఇంకా కొట్టుకుంటూ ఉండగానే కోసేవారట. మొప్పల దగ్గర ఒక గాటు, తోక మొదట్లో ఒక గాటు. తలకిందులుగా పట్టుకుని సముద్రపు నీళ్ళలో ముంచితే నెత్తురంతా పోయేది. అప్పుడు పొట్ట చీల్చి పేగులు తీసి, వెన్ను వెంట అంటుకుని ఉండే నల్లనెత్తురుని గోటితో గీకి, మళ్ళీ ఉప్పునీళ్ళతోనే కడిగి, ఖాళీ పొట్టలో ఐసు కూరేవారు. ఒడ్డుకొచ్చాక చేసుకోవచ్చు కదా, పడవలో అంత హడావుడి ఎందుకని నేనొకసారి అడిగాను.

"మిగతా సేపలకి ఉచ్చ బయటికి పోతాది. సొరకి ఒంట్లోనే ఉంటాది," అన్నారు మా అత్తగారు. "నెత్తుట్లో, కండలో అంతా అదే. బతికున్నంతసేపూ దాన్నేం చెయ్యదు. సచ్చేక కంపు కింద మారతాది. కుళ్ళకముందే కళ్ళు మండిపోయేలాగ కొడతాది. అందుకని నెత్తురు ముందు దింపేయాలి."

నేను అంగన్‌వాడీ టీచరునయ్యాక ఒక శిక్షణలో మత్స్యశాఖ నుంచి ఒకాయన వచ్చి పోషకాహారం గురించి మాట్లాడారు. నేను లేచి సొర సంగతి అడిగాను. దాని ఒంట్లో సహజంగానే యూరియా ఉంటుందనీ, చచ్చాక అది అమ్మోనియాగా మారుతుందనీ, అందుకే వెంటనే నెత్తురు దించి ఐసులో పెట్టాలనీ ఆయన చెప్పారు. బడి మొహం చూడని మా అత్తగారు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే, "మరి నేనేం సెప్పేను?" అని తన పని తాను చూసుకున్నారు.

ఇంత తెలిసిన మనిషిని నడివీధిలో నిలబెట్టి దొంగ అన్నారు. దాని మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు.

కరోనా వచ్చి తగ్గాక మా అత్తగారికి అన్నీ కుదుటపడ్డాయి గానీ, వాసన మాత్రం తిరిగి రాలేదు. ఒక పొద్దున స్టవ్ మీద పాలు మాడి ఇల్లంతా కమురు కంపు కొడుతుంటే, ఆవిడ ఆ పక్కనే కూర్చుని వెల్లుల్లి ఒలుచుకుంటున్నారు. నేను పరుగెత్తుకొచ్చి స్టవ్ కట్టేశాను. ఆవిడ మాడిన గిన్నె వైపు, నా వైపు చూశారు. తర్వాత అన్నారు, "ఎవరికీ సెప్పకే. ముక్కు లేనిదాని దగ్గర సేప ఎవరు కొంటారు?"

నేను ఎవరికీ చెప్పలేదు. ఖతార్‌లో ఉన్న మా ఆయనకి కూడా చెప్పలేదు. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే నేనూ ఆవిడతో రేవుకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆవిడ మొప్ప ఎత్తి చూసేవారు, కన్ను చూసేవారు, వేలితో కండ నొక్కి చూసేవారు. ఆ తర్వాత మాట వరసకి అన్నట్టు, "ఏమ్మా, ఎలాగుంది?" అని నా చేతికిచ్చేవారు. నేను వాసన చూసి బాగుంటే "ఆయ్" అనేదాన్ని. బాగోకపోతే "మీ ఇష్టం అత్తయ్యా" అనేదాన్ని. మూడేళ్ళు అలా గడిచింది. చెడిపోయిన చేప ఒక్కటి కూడా మా బేసిన్‌లోంచి ఎవరింటికీ వెళ్ళలేదు.

ఆ రోజు మాత్రం నాకు మండలంలో మీటింగు. ఎనిమిదింటికల్లా అక్కడ ఉండాలన్నారు. అంతకుముందు వారమంతా గాలివాన హెచ్చరికలతో పడవలు సరిగా వెళ్ళలేదు. రేవులో చేప తక్కువ. రాజోలులో ఒక రైతుగారింట్లో కూతురికి పురుడొచ్చి పాలసొర కావాలని నాలుగు రోజులుగా ఫోను మీద ఫోను. ఆ పిల్లకి పాలు సరిగా పడటం లేదట. ఒడ్డున చేపలు కొని అమ్మే ఏజెంటు ఒకడు పొద్దున్నే కబురు పెట్టాడు, పాలసొర ఉందని.

"నువ్వెళ్ళు, నేను సూసుకుంటాను," అన్నారు మా అత్తగారు.

"నేను లేకుండా సొర కొనకండి అత్తయ్యా. ఇంకో రెండ్రోజులు ఆగమనండి."

"పసిపిల్ల ఆగుతాదా?" అని ఆవిడ వెళ్ళిపోయారు.

ఆ సొరని వాడు ముక్కలు కోసి, ఐసులో పెట్టి చూపించాడు. తల లేదు, పేగులు లేవు. మామూలుగా మా అత్తగారు తల లేని సొర ముట్టరు. తల ఉంటే మొప్పలు చూడొచ్చు, గాటు పడవలో పెట్టారో ఒడ్డున పెట్టారో చూడొచ్చు. ఆ రోజు అడిగితే వాడు, "రాత్రే దింపేరండి. పడవలోనే పొట్ట తీసేరు. మీకోసమే ముక్కలు సేసి ఉంచేను," అన్నాడు. కండ నొక్కితే గట్టిగానే ఉంది. వాడు ఆవిడకి పదేళ్ళుగా తెలిసినవాడు. ఆవిడ నమ్మి తీసుకుని, పది గంటలకి రైతుగారింట్లో ఇచ్చి, పక్క వీధుల్లో మిగతా చేపలు అమ్ముకుంటున్నారు.

ముక్కలు ఉడకబెట్టేసరికి ఆ ఇల్లంతా కంపుతో నిండిపోయింది. ఆ సాయంత్రం రేవులో వాళ్ళు చెబితే తెలిసింది మాకు, వాడు ఆ ముక్కల్ని చింతపులుసుతో కడిగాడని. పులుసు పడితే పైపైన వాసన చచ్చిపోతుంది. వేడి తగిలితే లోపలున్నదంతా బయటికొస్తుంది. కొద్దిగా వాసన ఉన్న చేపకి పులుపు పట్టించడం మా ఇళ్ళల్లోనూ ఉన్నదే, తప్పేం కాదు. కానీ తినడానికి పనికిరానిదాన్ని పనికొచ్చేలా చూపించడానికి పట్టించడం వేరు.

మీటింగు అయిపోయి, మా అత్తగారిని బండి మీద ఎక్కించుకుందామని నేను రాజోలు వచ్చేసరికి ఆ ఇంటి గేటు ముందు పదిహేనిరవై మంది ఉన్నారు. మధ్యలో మా అత్తగారు. ఆవిడ కాళ్ళ ముందు రోడ్డు మీద పసుపు రంగు నీళ్ళు, వాటిలో ఉడికిన సొర ముక్కలు. గిన్నెతో సహా తెచ్చి అక్కడ కుమ్మరించారు. అరవై ఐదేళ్ళ మనిషి. చీరె కుచ్చిళ్ళు తడిసిపోయాయి.

రైతుగారు గేటు పట్టుకుని అరుస్తున్నారు.

"బాలింతకి పెడతారని తెలిసి కూడా యూరియా కలుపుతావా? చేప నిలవుండటానికి ఐసులో యూరియా కొడతారని విన్నాను గానీ నమ్మలేదు. ఇయ్యాల కళ్ళారా చూసేను! మా పిల్ల తినుంటే? పసిగుడ్డుకి ఏదైనా అయ్యుంటే?"

"అయ్యో, అదేం మాటండి అయ్యగారూ. మేం ఏం కలుపుతామండి..."

"నోర్ముయ్. ముప్పై ఏళ్ళ నుంచి వరి చేలో చల్లుతున్నాను. నాకు తెలీదా యూరియా వాసన?"

నేను బండి ఆపి జనంలోకి తోసుకుని వెళ్ళాను. నాలుగడుగులు వేసేసరికి ముక్కుకి తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అనుమానం లేదు, అది మూడు నాలుగు రోజులు పొట్ట కొయ్యకుండా పడి ఉన్న సొర. మా అత్తగారు ఒక ముక్క చేతిలోకి తీసుకుని వాసన చూసినట్టు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆవిడకి ఏమీ తెలియదని నాకు తెలుసు. అందరూ చూస్తున్నారు కాబట్టి అలా పెట్టుకున్నారు. అప్పుడు తల తిప్పి నా మొహంలోకి చూశారు. చేప ఎలా ఉందో నా మొహం చూసి తెలుసుకున్నారు. ఆవిడ చెయ్యి కిందకి దిగిపోయింది.

నా బతుకులో అంత కష్టమైన నిమిషం ఇంకొకటి లేదు.

"అయ్యగారూ, చేప బాగోలేదు. ఒప్పుకుంటాం. ఆ తప్పు మాదే," అన్నాను. "కానీ మేం ఏమీ కలపలేదండి. సొర ఒంట్లోనే అది ఉంటుంది. నెత్తురు దించకుండా ఉంచేస్తే..."

"చేప ఒంట్లో యూరియా ఉంటుందా?" ఆయన చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగారు. "విన్నారా అండీ? ఈవిడ టీచరంట. సముద్రంలో ఎవడు చల్లుతాడమ్మా?"

అందరూ నవ్వారు. ఆయన ముక్కు అబద్ధం చెప్పలేదు, అది యూరియా నుంచి వచ్చిన వాసనే. కానీ తన ముక్కు చెప్పినదానికి కారణం ఆయన నోటికొచ్చినట్టు కల్పించుకున్నారు. నేను చెప్పబోయింది ఎవరికీ అక్కర్లేకపోయింది. వాళ్ళకి కావలసింది దొరికిపోయింది. చెమటలు కారుతున్న ఒక చేపలావిడ, ఆవిడ ముందు కంపుకొడుతున్న చేప. ఇంక కథలో వేరే మనుషులెందుకు? పొట్ట తీస్తే తూకం తగ్గుతుందని ఆ చేపని నాలుగు రోజులు కొయ్యకుండా ఉంచినవాడు ఎక్కడో రేవులో నీడపట్టున కూర్చుని టీ తాగుతున్నాడు.

అంతలో బైకు మీద వెళ్తున్న ఒకాయన ఆగి, ఇంజను కూడా కట్టెయ్యకుండా, ఫోను తీసి వీడియో పట్టడం మొదలుపెట్టాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. "తప్పు చెయ్యకపోతే భయమెందుకండి?" అన్నాడు. మా అత్తగారు కింద కూర్చుని, రోడ్డు మీద ముక్కలు చేత్తో ఏరి బేసిన్‌లో వేసుకుంటున్నారు. వాడు పట్టింది అదే. ముక్కలు ఏరుకుంటున్న ముసలావిడని.

మర్నాడు పొద్దున మా ఆయన ఖతార్ నుంచి ఫోను చేశారు. ఆయన గదిలో ఉండే మనిషి, భీమవరం వైపు వాడు, "మీ ఊరి దగ్గరేనంట చూడు" అని ఫోను చూపించాడట. తెర మీద తన తల్లి. కింద రాసి ఉంది, యూరియా చేపలు అమ్ముతూ దొరికిన మహిళ అని. "దొరికిన" అనే మాట చూడండి. ఎక్కడికీ పారిపోని మనిషి. పిలిస్తే రెండు వీధుల అవతల నుంచి తనే నడిచొచ్చిన మనిషి. అది చెప్పి మా ఆయన, అమ్మ అన్నం తిందా అని అడిగారు.

ఆ పొద్దున్నే నేను సెలవు పెట్టి రేవుకి బయల్దేరాను. మా అత్తగారు వద్దంటారనుకున్నాను. ఆవిడ నాకన్నా ముందు చెప్పులేసుకున్నారు.

ఏజెంటు ఐసు పెట్టెల మధ్య కుర్చీ వేసుకుని ఉన్నాడు. చుట్టూ మా వీధి ఆడవాళ్ళే పదిమంది, వేలంపాట కోసం ఎదురుచూస్తున్నారు. మా అత్తగారు తిన్నగా వెళ్ళి వాడి ముందు నిలబడ్డారు.

"ఆ సొర ఎన్నాళ్ళదిరా?"

"పొద్దున్నే ఏంటండి ఈ గోల? చేప చూసుకునే తీసుకెళ్ళేరు కదా."

"పొట్ట పడవలోనే తీసేరన్నావు."

"తీస్తే తూకం ఎవడిస్తాడండి?" అని నవ్వాడు. దాచుకోవాలని కూడా అనిపించలేదు వాడికి. "సొరన్నాక వాసన ఉండదా? నలభై ఏళ్ళ నుంచి అమ్ముతున్నారు. తీసుకునేటప్పుడు మీ ముక్కు ఏమైంది?"

ఆవిడ మూడేళ్ళుగా దాచుకున్న సంగతి వాడి నోటిలోంచి, వాడికే తెలియకుండా, అలా వచ్చింది. నేను ఏదో అనబోయాను. మా అత్తగారు చెయ్యెత్తి నన్ను ఆపారు.

"ముక్కు లేదురా," అన్నారు. చిన్నగా కాదు, అందరికీ వినపడేలాగ. "కరోనాలో పోయింది. ముక్కు లేదు కాబట్టే నీ నోరు నమ్మేను. నీకు ముక్కు ఉంది. చింతపులుసు పూసినప్పుడు తెలిసే పూసేవు. బాలింతకని సెప్పేను నీకు. సెప్పేనా లేదా?"

వాడు ఐసు పెట్టె మూత సర్దాడు.

"సెప్పేనా లేదా?"

"చెప్పేరండి," అన్నాడు తల వంచుకుని.

ఆడవాళ్ళలో ఒకావిడ, మా అత్తగారితో రోజూ సీటు కోసం ఆటోలో గొడవపడే ఆవిడ, బేసిన్ చంకన పెట్టుకుని లేచింది. "ఈడి దగ్గర నేను కొనను," అంది. ఆ వెనకాల ఇంకో ఇద్దరు లేచారు. అందరూ లేవలేదు. అది కూడా చెప్పాలి. మిగతావాళ్ళకి ఇంటి దగ్గర పొయ్యి వెలగాలి. వాళ్ళని నేనేమీ అనను. కానీ వాడు ఆ తర్వాత కూడా అక్కడే, అదే కుర్చీలో కూర్చుంటున్నాడు. వాడి మొహం ఏ వీడియోలోనూ లేదు.

గొడవ జరిగిన మూడో రోజున మా అత్తగారి తమ్ముడి పడవకి చిన్న పాలసొర పడింది. మూర కన్నా కొంచెం పొడుగుంటుంది. ఆయన మావయ్యగారి దగ్గర పని నేర్చుకున్న మనిషి. పడవలోనే నెత్తురు దించి, పొట్ట నిండా ఐసు పెట్టి, గోనెపట్టాలో చుట్టి మా ఇంటికి తెచ్చారు. మా అత్తగారు దాన్ని బేసిన్‌లో పెట్టి, కత్తిపీట సంచిలో వేసుకుని, "బండి తియ్యి" అన్నారు.

"ఎక్కడికి?"

"రాజోలు. ఆళ్ళింటికి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ గుమ్మం నేను ఎక్కను. మిమ్మల్ని కూడా ఎక్కనివ్వను. మిమ్మల్ని దొంగ అన్నాడు. నోర్ముయ్ అన్నాడు. ఆయన కాళ్ళ దగ్గరికి చేప పట్టుకెళ్ళి ఇస్తారా?"

"ఆడికివ్వటానికి కాదు."

"మరెవరికి?"

"బాలింత ఏం చేసిందే?" అన్నారు ఆవిడ. "ఆ పిల్ల నన్నేవన్నా అందా? పాలు పడక ఏడుత్తంది. నేను ఇత్తానన్న సేప ఇంకా ఇవ్వలేదు. ఇచ్చేసి వచ్చేద్దాం. నువ్వు రాకపోతే ఆటోలో పోతాను."

బండి తీశాను.

గేటు తీసింది రైతుగారి భార్య. మమ్మల్ని చూసి ఆవిడ వెనక్కి ఇంట్లోకి ఒకసారి, మా బేసిన్ వైపు ఒకసారి చూసింది. మా అత్తగారు వాకిట్లోనే నిలబడి, "అమ్మగారండీ, మీ పెరట్లో కోస్తాను, మీ పొయ్యి మీద వండుతాను. మీ కళ్ళ ముందే. ముందు అయ్యగారిని పిలిచి వాసన సూడమనండి," అన్నారు.

ఆయన వచ్చారు. తప్పదన్నట్టు వంగి వాసన చూశారు. పక్కకి తప్పుకుని దారిచ్చారు.

పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో కత్తిపీట వేశారు మా అత్తగారు. రైతుగారు అరుగు మీద కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. నేను నీళ్ళు కాచాను. ఆవిడ ముందు రెక్కలు, తోక తీసేశారు. వెన్ను వెంట ఇంకా ఏమైనా నల్లనెత్తురు మిగిలిందేమోనని బొటనవేలి గోటితో గీకి చూసుకున్నారు. అరచేతి వెడల్పున ముక్కలు కోసి వేడినీళ్ళలో కాసేపు ఉంచి తీశారు. చర్మం మీది గరుకంతా చెంచా అంచుతో గీస్తే బూడిదలా రాలిపోయింది. తర్వాత పసుపు, ఉప్పు వేసి ఉడకబెట్టారు. గిన్నె మీద ఆవిరి లేస్తుంటే నేను అక్కడే నిలబడ్డాను. ఉప్పు వాసన, పసుపు వాసన, కొంచెం సముద్రం వాసన, అంతే. ఆవిడ నా వైపు చూశారు. నేను "ఆయ్" అన్నాను. ఈసారి గట్టిగానే అన్నాను.

ఉడికిన ముక్కల్ని నీళ్ళు వార్చి, చర్మం ఒలిచి, మధ్యనున్న మెత్తటి ఎముక తీసేసి, కండని వేళ్ళతో పొడిపొడిగా చిదిపారు. ఆ పొడిని పల్చటి గుడ్డలో వేసి మూట కట్టి, నీళ్ళన్నీ పోయేదాకా రెండు చేతులా పిండారు. పిట్టుకి అసలు పని అక్కడే ఉంది. నీరు మిగిలితే ముద్దయిపోతుంది. మూకుడులో నూనె వేసి, ఉల్లిపాయలు సన్నగా తరిగినవి, వెల్లుల్లి దండిగా, కరివేపాకు, అల్లం వేశారు. బాలింతకి పచ్చిమిరపకాయలు పనికిరావని మిరియాలు దంచి వేశారు. అవి వేగాక సొర పొడి వేసి, సన్నటి సెగ మీద, తడి పోయి రవ్వలా విడేదాకా కలుపుతూనే ఉన్నారు. ఆవిడ చెయ్యి నొప్పెడుతోందని నాకు తెలుసు. గరిటె ఇమ్మంటే ఇవ్వలేదు.

బాలింత పిల్లని ఒళ్ళో వేసుకుని పెరటి గుమ్మం దగ్గర కూర్చుని వేడన్నంలో కలుపుకుని తింది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళు ఉంటాయేమో. కళ్ళ కింద నలుపు. రెండోసారి వడ్డించుకుంది. మా అత్తగారి వైపు చూసి, "మామ్మగారూ, మొన్న నేను లోపల ఉన్నానండి. అన్నీ వినిపించేయి. బయటికి వద్దామంటే రానివ్వలేదండి," అంది. అప్పుడే రైతుగారి భార్య పమిట కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

రైతుగారు కూడా పళ్ళెం తెప్పించుకున్నారు. తిన్నారు. శుభ్రంగా తిన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి, మీసం తుడుచుకుంటూ, "చూసేవా మరి, ఇయ్యాల ఏమీ కలపలేదు కాబట్టి ఎంత బాగుందో," అన్నారు.

నేను అప్పటిదాకా పట్టుకున్నదంతా తెగిపోయింది.

"అయ్యగారూ, మొన్నా ఏమీ కలపలేదు. మొన్నటి చేప చెడిపోయింది. దాన్ని తెచ్చినందుకు మా అత్తగారు పనంతా మానుకుని వచ్చి మీ పెరట్లో కూర్చుని తప్పు దిద్దుకున్నారు. మీరు అన్న మాట సంగతేంటండి? అది ఎవరు దిద్దుతారు?"

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా..."

"నా ఫోను ఉంది. ఒక్క నిమిషం. చేపలో ఏమీ కలపలేదు, నేను పొరపాటు పడ్డాను అని చెప్పండి చాలు. ఆ రోజు అంతమంది ముందు అన్నారు కదండి. ఇప్పుడు మేం ఇద్దరమే ఉన్నాం."

ఆయన మొహం గట్టిపడింది. "వీడియో తీసింది నేను కాదు కదమ్మా. ఎవడో తీసేడు. ఆణ్ణి అడుగు," అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ మాట అనేటప్పుడు కూడా నా మొహం చూడలేదు.

మా అత్తగారు కత్తిపీట కడిగి సంచిలో పెట్టుకున్నారు. ఆ ఇల్లాలు బయటికి వచ్చి, డబ్బు ఇవ్వబోతే మా అత్తగారు తీసుకోలేదు. "ఇది మొన్న ఇత్తానన్న సేపండి," అన్నారు. దారిలో నేను ఏడుస్తూ బండి నడిపాను. ఆవిడ వెనక కూర్చుని నా భుజం మీద చెయ్యి వేసి, "మెల్లగా పోనియ్యి," అన్నారు. ఆవిడకి కోపం లేదని నేననుకోను. ఆ వీధిలోకి మళ్ళీ ఆవిడ బేసిన్ పట్టుకుని వెళ్ళలేదు. ఇప్పటికీ వెళ్ళరు. బాలింతలున్నవాళ్ళు ఎవరైనా మా ఇంటికే వస్తారు. ఎదురుగా కోయించుకుని పట్టుకెళ్తారు. తనకి వాసన తెలియదని వచ్చినవాళ్ళకి ముందే చెప్పి, చేపని వాళ్ళ చేతికే ఇచ్చి చూసుకోమంటున్నారు. కొందరు వెనక్కి వెళ్ళిపోతారు. చాలామంది ఉంటారు.

ఈ మధ్య మా కేంద్రంలో తల్లుల వాట్సాప్ గ్రూపులోకి ఆ వీడియో మళ్ళీ వచ్చింది. పంపింది మలికిపురం నుంచి కొత్తగా వచ్చిన ఒక తల్లి. కింద, మన పిల్లల కోసం అందరికీ పంపండి అని రాసి ఉంది. నేను వెంటనే ఫోను చేశాను. జరిగిందంతా చెప్పాను. సొర నెత్తురు ఎందుకు దించాలో కూడా చెప్పాను. ఆమె కంగారుపడిపోయింది.

"అయ్యో టీచరుగారూ, మీ అత్తగారని తెలీదండి. ఇప్పుడే తీసేస్తానండి."

"మా అత్తగారు కాకపోతే ఉంచేదానివా?" అని అడిగాను.

ఫోనులో ఆమె పిల్లాడు ఏడవడం వినిపిస్తోంది. నేను అడిగినదాన్ని వెనక్కి తీసుకోలేదు.